హ్యాండ్‌బ్యాగు జాతకం

బంగారం కొనేటప్పుడు మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "హాల్‌మార్కు ఉందా?" అని. ఆ మాట పుట్టింది లండన్‌లో. అక్కడి స్వర్ణకారుల సంఘ భవనం పేరు గోల్డ్‌స్మిత్స్ హాల్. ఆ హాలులో పరీక్షించి వేసిన మార్కు గనుక హాల్‌మార్కు అయింది. 1300లో మొదటి ఎడ్వర్డ్ రాజు కాలపు చట్టం వెండికి చిరుతపులి తల ముద్రను విధించింది. 1363లో పనివాడి సొంత గుర్తు తప్పనిసరి అయింది. 1478లో ఏడాదికొక అక్షరం చొప్పున చేరింది. ఈ అక్షరం కొనేవారికి వస్తువు వయసు చెప్పడానికి పుట్టింది కాదు. తర్వాతెప్పుడైనా వెండిలో కల్తీ బయటపడితే, ఆ ఏడు పరీక్ష చేసినవాడెవరో తేల్చి నిలదీయడానికి పుట్టింది.

ఐదు శతాబ్దాల నాటి ఈ సంగతి ఇప్పుడెందుకంటే, ఈనాడు మన ఇళ్ళలో కనిపించే ఖరీదైన తోలు హ్యాండ్‌బ్యాగుల లోపల కూడా ఇలాంటి గుర్తులే ఉంటాయి. ఆ మధ్య మా మిత్రుల అమ్మాయి, మొదటి ఉద్యోగంలో కూడబెట్టుకున్న డబ్బుతో ఒకరు వాడిన బ్యాగు కొనబోతూ నాకు ఫోటో పంపింది. "అంకుల్, లోపల నంబరు ఉంది కదా, అసలుదే కదా?" అని అడిగింది. నేను మెకానికల్ ఇంజనీరును. యంత్ర భాగాల మీది లాట్ నంబర్లు చదవడం నాకు రోజూ ఉండే పని. అందుకే నన్ను అడిగి ఉంటుంది.

ఆ బ్యాగు మీద ఉన్న పేరు లూయీ విటాన్. 1854లో ప్యారిస్‌లో ప్రయాణపు పెట్టెలు చేసే దుకాణంగా మొదలైన సంస్థ అది. పెట్టెలకు పేరు రాగానే నకళ్ళూ వచ్చాయి. 1888లో గళ్ళ బట్ట తెచ్చి, దాని మీదే తమ పేరూ, రిజిస్టరు చేసిన గుర్తు అన్న మాటా ముద్రించారు. దాన్నీ కాపీ కొట్టారు. లూయీ 1892లో పోయాక కొడుకు జార్జ్, 1896లో తండ్రి పేరులోని ఎల్, వి అక్షరాలను పూలతో కలిపి కొత్త నమూనా గీయించాడు. ఇవాళ లోకమంతా గుర్తుపట్టే ఆ నమూనా నకళ్ళను ఆపడానికి వచ్చిందే. ఎక్కువగా నకలైన నమూనాల్లో చివరికి అదీ చేరింది!

తేదీ సంకేతాలు 1980ల తొలినాళ్ళలో మొదలయ్యాయి. మొదట ఉత్త అంకెలు, తర్వాత వాటికి కర్మాగారాన్ని తెలిపే అక్షరాలు చేరాయి. 1990 నుంచి 2006 దాకా రెండు అక్షరాలు, నాలుగు అంకెలు. ఒకటి, మూడు అంకెలు కలిపితే నెల. రెండు, నాలుగు కలిపితే సంవత్సరం. 1025 అని ఉంటే 12వ నెల, 05వ సంవత్సరం, అంటే 2005 డిసెంబరు. 2007 నుంచి నెల స్థానంలో వారం వచ్చింది. మా అమ్మాయి పంపిన ఫోటోలో 4130 ఉంది. 43వ వారం, 2010. అమ్మే ఆవిడేమో ఆ బ్యాగును తన తల్లి 1998లో కొన్నదని చెప్పిందట! అమ్మాయి ఆ బేరం వదులుకుంది.

ఎర్మెస్ వారిది వేరే పద్ధతి. 1837లో గుర్రపు జీను సామాను చేస్తూ మొదలైన ఈ సంస్థ, లండన్ వెండిలాగే ఏడాదికొక అక్షరం వేసింది. 1945కు 'ఏ' నుంచి 1970కి 'జెడ్' దాకా ఒట్టి అక్షరాలు. 1971 నుంచి వాటి చుట్టూ వృత్తం, 1997 నుంచి చతురస్రం. 2015లో ఆ చట్రం తీసేసి, వరుస కూడా వదిలేశారు. 2017కు మళ్ళీ ఒట్టి 'ఏ' వచ్చింది. అయితే 'ఏ' ఉన్న బిర్కిన్ బ్యాగు 1945 నాటిదని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. ఆ నమూనా పుట్టిందే 1984లో.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. సంకేతం అబద్ధాన్ని పట్టిస్తుంది గానీ నిజాన్ని నిరూపించదు. ఆ నంబరు ఒక్క బ్యాగుకే చెందిన సీరియల్ నంబరు కాదు. ఒకే కర్మాగారంలో ఒకే వారంలో తయారైన ఎన్నో బ్యాగుల మీద అదే ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు తయారైందో సంస్థ తెలుసుకోవడానికి వేసుకున్న గుర్తు అది. మా లాట్ నంబర్లూ అంతే. తోలు మీద నాలుగు అంకెలు నొక్కడం నకలు చేసేవాడికి ఏమంత కష్టం? పైగా తేదీ లెక్క కూడా సరిగ్గా కుదిరేలా నొక్కగలడు. 2021లో లూయీ విటాన్ వారు కొత్త బ్యాగుల్లో ఈ సంకేతాలు మాని చిప్ పెట్టడం మొదలుపెట్టారు. ఆ తర్వాతి బ్యాగులో నంబరు కనబడకపోతే కంగారుపడనక్కరలేదు.

మన దేశపు బంగారం కూడా ఇదే దారిలో నడిచింది. 2000లో మొదలైన హాల్‌మార్కులో తొలుత ఏడాది అక్షరం ఉండేది. 2021 నుంచి ప్రతి నగకూ విడిగా ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య వచ్చింది. దాన్ని ప్రభుత్వ ప్రమాణాల సంస్థ యాప్‌లోనే సరిచూసుకోవచ్చు. ముద్ర వేసినవారినే అడిగి తెలుసుకోగలగడం, ముద్ర ఉందని మాత్రమే చూసుకోవడం, ఈ రెంటికీ ఎంతో తేడా ఉంది.

కాబట్టి మన పిల్లలు ఇలాంటివి కొనేటప్పుడు "నంబరు ఉందా?" అని అడిగి ఊరుకోకుండా, "రేపు తేడా వస్తే జవాబు చెప్పేదెవరు?" అని కూడా అడగమనండి. రసీదు, డబ్బు వాపసు ఇస్తామన్న రాత, పేరూ ఊరూ ఉన్న దుకాణం, ఇవి నంబరు కన్నా గట్టి సాక్షులు. 1478లో లండన్ స్వర్ణకారులు ఆ చిన్న అక్షరం వేసింది కూడా, జవాబు చెప్పే మనిషి ఒకడుండాలనే.