యోహాను పేరు గల సేవకులు



మా సంఘంలో ఒక తల్లి బిడ్డను తెచ్చి, "పేరు పెట్టండి అయ్యగారూ. జాన్ మాత్రం వద్దండి, మా వీధిలోనే నలుగురున్నారు" అంది. అప్పుడు ఆమెకు మన విశాఖ జాన్‌ల సంగతి చెప్పాను.

1805లో లండన్ మిషనరీ సొసైటీ సేవకులు జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. వన్ టౌన్ వీధులే అప్పటి ఊరు. 1810 ముగిసేలోగా ఇద్దరూ కన్నుమూశారు. డిగ్రాంజెస్ తెనిగించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. ఆయన వాటిని చూడలేదు. ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. పాత నిబంధన కోసం శ్రమించిన జాన్ గోర్డన్ 1828లో ప్రభువునందు నిద్రించాడు. 1840లో వచ్చిన జాన్ హే ఆ నాగలి పట్టాడు. బళ్లారిలో సేవచేసిన జాన్ స్మిత్ వార్డ్‌లా ఆయనకు తోడయ్యాడు.

ఇటలీవారు ఈ పేరునే జొవాన్ని అంటారు. 1607లో వారి భాషలో బైబిలు అందించిన జొవాన్ని దియోదాతి కుటుంబం, విశ్వాసం కోసం సొంత ఊరు లుక్కా విడిచి జెనీవా చేరినదే.

లూకా మొదటి అధ్యాయంలో బంధువులు యోహాను పేరుకు అడ్డు చెప్పారు, తమవారిలో ఎవరికీ లేదని. మనమేమో అందరికీ ఉందని వద్దంటున్నాం! యెహోవా కృపగలవాడు అని ఆ పేరుకు అర్థం. ఒక జాన్ విడిచిన పనిని మరో జాన్ అందుకున్నాడు. మన చేతిలోని తెలుగు బైబిలు వెనుక వారి కష్టం ఉంది.

ఆ తల్లి కాసేపు ఆలోచించి, "అయితే ఐదోవాణ్ణి కూడా ఉండనివ్వండి అయ్యగారూ" అంది.

మీ పేరుకు ముందు దాన్ని మోసినవారెవరు? వారు విడిచిన పని ఏది? ప్రార్థనలో అడగండి. ఆమేన్.