జోగిపేట నుంచి మాస్కో దాకా: తెలుగు నేలపై లెనిన్ ప్రపంచ దృష్టి

దేశాల మధ్య సంబంధాలను మార్క్సిస్టు-లెనినిస్టు దృష్టితో చూడటం తెలంగాణకు విశ్వవిద్యాలయాల ద్వారా రాలేదు. తుపాకి ఎత్తాలా, దించాలా అని తేల్చుకోవలసి వచ్చిన రైతు పోరాటంలో అది ఇక్కడ పరీక్షకు నిలిచింది.

ఈ దృష్టికి మూలం స్విట్జర్లాండ్‌లో ఉంది. జ్యూరిచ్‌లో ప్రవాసంలో ఉన్న లెనిన్ 1916లో సామ్రాజ్యవాదంపై తన పుస్తకం రాశాడు. మరుసటి ఏడు అది పెట్రోగ్రాడ్‌లో అచ్చయింది. యుద్ధాలకు కారణం రాజుల పంతాల్లోనో దౌత్యవేత్తల పొరపాట్లలోనో లేదన్నది అతని వాదం. గుత్త సంస్థలు పెరిగాయి, బ్యాంకులూ పరిశ్రమలూ ఒకటయ్యాయి, సరుకును మించి పెట్టుబడే పరాయి దేశాలకు తరలుతోంది, భూగోళం పంపకం పూర్తయింది. ఆలస్యంగా బలపడిన దేశం మళ్లీ పంపకం కోరుతుంది, దాంతో యుద్ధం వస్తుంది. పెద్ద దేశాలన్నీ కూడబలుక్కుని శాంతిగా దోచుకోగలవన్న జర్మన్ మార్క్సిస్టు కౌట్‌స్కీ ఊహను లెనిన్ కొట్టిపారేశాడు. 1920లో కమ్యూనిస్టు పార్టీల అంతర్జాతీయ సంస్థ కామింటర్న్ రెండో మహాసభలో భారత విప్లవకారుడు ఎం.ఎన్. రాయ్ లెనిన్‌తోనే వాదానికి దిగాడు. వలస దేశాల ధనిక వర్గాన్ని స్వాతంత్ర్య పోరాటంలో ఎంతవరకు నమ్మవచ్చు? తెలుగు కమ్యూనిస్టులను దశాబ్దాల పాటు వెంటాడిన ప్రశ్న అదే.

నిజాం రాజ్యంలో ఈ ఆలోచనకు వేదికైన సంస్థ మెదక్ సీమలోనే మొదలైంది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలి సమావేశం జరిగింది. అప్పటి కోరికలు చదువు, సంస్కరణలు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన సభ నాటికి సంస్థ చీలి, ప్రధాన భాగం కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. 1946లో కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాక భూపోరాటం ఊరూరికీ పాకింది.

అక్కడే సిద్ధాంత తగాదా మొదలైంది. 1947లో ప్రపంచం రెండు శిబిరాలుగా చీలిందని సోవియట్ నాయకుడు జ్దానోవ్ ప్రకటించాడు. 1948 కలకత్తా మహాసభలో భారత కమ్యూనిస్టు పార్టీ పగ్గాలు అందుకున్న రణదివే రష్యా తరహా తిరుగుబాటునే నమ్మాడు. అదే ఏడాది పార్టీ ఆంధ్ర నాయకత్వం చైనా నేత మావో నవ ప్రజాస్వామ్య సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని, మన దారి చైనాదేనని పత్రం రాసింది. రణదివే మావోనే తప్పుపట్టాడు. 1950 జనవరిలో మాస్కో నడిపించే కమ్యూనిస్టు పార్టీల సమాచార సంస్థ కామిన్‌ఫామ్ పత్రిక చైనా దారిని మెచ్చుకునేసరికి పార్టీ పగ్గాలు ఆంధ్ర నాయకుడు చండ్ర రాజేశ్వరరావు చేతికి వచ్చాయి.

1951 తొలినాళ్లలో పార్టీ నాయకులు రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగే రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. చైనా గెరిల్లాలకు వెనక దన్నుగా సోవియట్ సరిహద్దు ఉంది, మీకు అలాంటి అండ లేదు అన్నది స్టాలిన్ వాదన. ఆ మాట నిజమే. నిజాం రాజ్యం భారత్‌లో కలిశాక తెలంగాణ నలువైపులా ఉన్నది భారత సైన్యం చేతిలోని నేలే. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. అప్పటికి నాలుగు వేల మంది ప్రాణాలు అర్పించారని కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య లెక్క.

మాస్కో నుంచి మరో దెబ్బ 1955లో తగిలింది. ఆంధ్ర మధ్యంతర ఎన్నికల ముందు భారత విదేశాంగ విధానాన్ని సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దా ప్రశంసించింది. కాంగ్రెస్ ఆ ప్రశంసను ఊరూరా ప్రచారం చేసుకుంది. కమ్యూనిస్టులకు దక్కినవి 15 సీట్లు. నెహ్రూ అలీన విధానాన్ని ఎలా అంచనా వేయాలన్న వివాదం 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలికకు కారణమైన వాటిలో ఒకటి. తర్వాత హైదరాబాద్ కుట్ర కేసులో విప్లవ కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి కోర్టు ముందుంచిన వాదన ‘తాకట్టులో భారతదేశం’ అయింది. విదేశీ పెట్టుబడి పట్టు వదలనిదే స్వాతంత్ర్యం పూర్తికాదని అందులో ఆయన వాదించాడు. 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచిన ఇందిరాగాంధీ 1983లో ఢిల్లీ అలీన శిఖరాగ్ర సభకు అధ్యక్షత వహించినప్పుడూ కమ్యూనిస్టుల మధ్య ఆ తగువు తీరలేదు.

అప్పు ఎవరు ఇస్తున్నారు, లాభం ఎవరికి పోతోంది అని అడగడం నేర్పినందుకు ఈ దృష్టికి మనం రుణపడి ఉన్నాం. అయితే దేశాల ప్రవర్తనను వర్గ ప్రయోజనాలతో వివరించిన సిద్ధాంతమే ఒక దేశపు విదేశాంగ అవసరాలకు తలొగ్గింది. 1950లోనూ 1955లోనూ జరిగింది అదే. లెనిన్ ప్రశ్నను మాస్కోకూ పెకింగ్‌కూ కూడా వేయగలిగి ఉంటే తెలుగు కమ్యూనిస్టులు తమ దారిని తామే తేల్చుకునేవారు. నేడు ఆ సిద్ధాంతాన్ని చదివేవారు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే.