పొదిలి మెట్టలో నేల సత్తువ: గొర్రెల మంద నుంచి జీవామృతం వరకు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సేంద్రియ సేద్యంలో మేలుచేసే సూక్ష్మజీవుల వినియోగాన్ని పూర్వికుల పద్ధతిగా చెప్పడం నేడు పరిపాటి అయింది. ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలోని పొదిలి మెట్టను ఆధారంగా తీసుకొని, ఇందులో పాతది ఏది, కొత్తది ఏది అనే విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సూక్ష్మజీవులను పెంచే ద్రావణం ఇటీవలిదనీ, నేలలోని సూక్ష్మజీవులకు మేత సమకూర్చిన ఏర్పాటు పాతదనీ, సడలిపోయింది ఆ పాత ఏర్పాటేననీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పొదిలి, మెట్టసేద్యం, నేల సత్తువ, సూక్ష్మజీవులు, జీవామృతం, ద్రాక్షతోట.

1. ఉపోద్ఘాతం

1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలను వేరుచేసి ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లాను ఏర్పాటు చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి ఇందులో చేరాయి. పొదిలి, దర్శి ప్రాంతాలు అంతకుముందు వెంకటగిరి సంస్థానంలో భాగాలు. పాలనాపరంగా వేర్వేరు చరిత్రలున్నా ఈ తాలూకాలను కలిపే లక్షణం ఒకటుంది. ఇవి వానపై ఆధారపడిన మెట్టభూములు. ఎర్రనేలలు, నిలకడలేని వానలు, కంది, సజ్జ, జొన్న వంటి పంటలు ఈ ప్రాంతపు సేద్యాన్ని తీర్చిదిద్దాయి.

శాసనాలు భూదానాలను, చెరువులను నమోదుచేశాయి. జమీందారీ లెక్కలు శిస్తును నమోదుచేశాయి. నేల సత్తువను నిలబెట్టిన రోజువారీ పనులకు వాటిలో చోటు తక్కువ. అందువల్ల ఆ చరిత్రకు రైతుల వాడుకమాటలు ముఖ్యమైన ఆధారాలవుతాయి. సత్తువ, పస, దిబ్బఎరువు, చెక్క, మంద, బీడు అనే మాటలు ఒక్కొక్కటీ ఒక సేద్యపు ఏర్పాటును సూచిస్తాయి.

2. పాత ఏర్పాటు: మంద, చెరువు, కంది

మెట్టచేలకు సత్తువ చేకూర్చిన పద్ధతుల్లో మొదట చెప్పుకోవలసింది మంద కట్టించడం. పంట కోసిన చేనులో గొర్రెల మందను రాత్రిళ్లు నిలిపితే పెంటికలు, మూత్రం నేరుగా నేలలో చేరుతాయి. నెల్లూరు, ప్రకాశం ప్రాంతాలు నెల్లూరు జాతి గొర్రెలకు పుట్టినిల్లు. జోడిపి, పల్ల, దోర అనేవి అందులోని రకాలు. మంద నిలిపినందుకు రైతు కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చేవాడు. కాపరికి బీడు, రైతుకు ఎరువు లభించే ఈ ఒప్పందం రెండు కులవృత్తులను ఒకే చేనులో కలిపింది.

రెండోది చెరువుమట్టి తోలడం. గుండ్లకమ్మపై నిర్మించిన కంభం చెరువు మొదలుకొని ఊరూరా ఉన్న చిన్న కుంటల వరకు వేసవిలో ఎండినప్పుడు, అడుగున చేరిన ఒండ్రును బండ్లతో చేలకు తోలేవారు. కొట్టుకుపోయిన పైమట్టి ఈ విధంగా తిరిగి చేనికి చేరేది. చెరువులో నీరు నిలిచే చోటు కూడా పెరిగేది.

మూడోది మిశ్రమసేద్యం. జొన్న, సజ్జ సాళ్ల మధ్య కంది, అలసంద వంటి పప్పుజాతి పంటలు ఉండేవి. కంది ఆకు రాలి నేలలో కలిసేది. దాని వేరు లోతుకు దిగి నేలను గుల్లచేసేది.

3. శాస్త్రం చూపిన కారణం

ఈ పనుల ఫలితాన్ని రైతు కంటితో చూశాడు. వాటి వెనుక ఉన్న కారణం పంతొమ్మిదో శతాబ్ది చివరి ఇరవై ఏళ్లలో యూరప్ ప్రయోగశాలల్లో తేలింది. చెట్ల వేళ్లతో శిలీంధ్రాలు కలిసి జీవించే తీరుకు జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంక్ 1885లో మైకోరైజా అని పేరుపెట్టాడు. పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయని 1886-88 మధ్య హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ నిరూపించారు. ఆ బుడిపెల్లోని బ్యాక్టీరియాను 1888లో బైయరింక్ వేరుచేశాడు.

ఈ పరిశోధనలనుబట్టి చూస్తే పొదిలి మెట్టలో కంది సాలు నత్రజని చేకూర్చే పంట. మంద, దిబ్బఎరువు, రాలిన ఆకు సూక్ష్మజీవులకు మేత. ఇక్కడ గుర్తించవలసిన విషయం ఒకటుంది. సూక్ష్మజీవి బతకడానికి సేంద్రియ పదార్థం, తేమ రెండూ అవసరం. భూసార పరీక్షల్లో సేంద్రియ కర్బనం 0.5 శాతంకన్న తక్కువ ఉంటే ఆ నేలను అల్పసారంగా లెక్కిస్తారు. అటువంటి నేలలో బయటినుంచి వేసిన జీవాణువులు ఎక్కువకాలం నిలవలేవు.

4. ఏర్పాటు సడలిన తీరు

ఇరవయ్యో శతాబ్ది రెండో సగంలో ఈ ప్రాంతపు సేద్యం మారింది. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. పొదిలి కూడా ఒక వేలం కేంద్రం అయింది. పొగాకు రైతు చేతికి రొక్కం తెచ్చింది. అయితే అది ఏకపంట. ఆకును కాల్చడానికి బ్యారన్లకు కట్టెలు కావలసివచ్చాయి. ట్రాక్టరు వచ్చాక కాడెద్దులు తగ్గాయి, వాటితో పెంటదిబ్బలూ తగ్గాయి. బీళ్లు సాగులోకి రావడంతో మందలకు మేపు తగ్గింది. యూరియా, డీఏపీ బస్తాలు పంటకు పోషకాలను అందించాయి, కాని నేలలోని జీవరాశికి మేతను ఇవ్వలేదు.

ఎరువు అనే మాట అర్థంలోనూ ఈ మార్పు కనిపిస్తుంది. ద్రావిడభాషల్లో ఈ మాటకు మూలార్థం పేడ. తమిళంలో ఎరు అనే రూపం నేటికీ ఉంది. ఈనాడు పల్లెలో ఎరువు అంటే ముందుగా స్ఫురించేది అంగడి బస్తా. పాత అర్థాన్ని చెప్పడానికి పశువుల ఎరువు, సేంద్రియ ఎరువు అని విశేషణం చేర్చవలసివస్తున్నది.

5. ద్రాక్షతోట అనుభవం

మెట్టచేను ఎదుర్కొన్న ఈ ప్రశ్న తడి ఉన్న తోటలకూ ఎదురైంది. తెలుగునాట అందుకు హైదరాబాదు ద్రాక్ష మంచి ఉదాహరణ. అనాబ్-ఎ-షాహీ రకంతో ఆ నగర పరిసరాలు పేరుపొందాయి. ద్రాక్ష వేళ్లు మైకోరైజాతో కలిసి జీవిస్తాయి. ఆ శిలీంధ్రపు పోగులు వేరు అందుకోలేని చోటునుంచి భాస్వరాన్ని తెచ్చి ఇస్తాయి. అందుకే ఐరోపా సేంద్రియ ద్రాక్షతోటల్లో సాళ్ల మధ్య పచ్చికను, పప్పుజాతి మొక్కలను పెంచి, కంపోస్టు వేసి, దున్నకాన్ని తగ్గిస్తారు. హైదరాబాదు ఆల్వాల్‌కు చెందిన ద్రాక్షరైతు చింతల వెంకటరెడ్డి వేరే మార్గం అనుసరించారు. పైమట్టి స్థానంలో లోతుమట్టిని తెచ్చి, మట్టినే ఎరువుగా వాడే పద్ధతిని రూపొందించి పేటెంట్ పొందారు. 2020లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. ఈ రెండు పద్ధతులకూ పోలిక తక్కువే. అయినా రెండింటిలోనూ చికిత్స నేలకే జరుగుతుంది.

6. జీవామృతం: కొత్త ఏర్పాటు

2006లో జీవన ఎరువులు దేశ ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వచ్చాయి. పొడిరూప రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్ల జీవకణాలు ఉండాలని ప్రమాణం. దీనికి భిన్నంగా, రైతే ఇంట్లో తయారుచేసుకునే జీవామృతాన్ని మహారాష్ట్రకు చెందిన సుభాష్ పాలేకర్ ప్రచారంలోకి తెచ్చారు. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపి సుమారు 48 గంటలు పులియబెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా ఇది ప్రభుత్వ కార్యక్రమంగా విస్తరించింది. 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞానశాస్త్రాల అకాడమీ ఈ విధానానికి తగిన శాస్త్రీయ నిరూపణ లేదని అభ్యంతరం తెలిపింది.

వృక్షాయుర్వేద గ్రంథాల్లోని కుణపజలాన్ని దీనికి పూర్వరూపంగా చూపడం ఉంది. అయితే కుణపజలం ప్రధానంగా మాంసం, కొవ్వు వంటివాటితో చేసేది. పోలిక పులియబెట్టడం వరకే. ఆ ఒక్క పోలికతో పొదిలి మెట్టరైతుకు జీవామృతం వారసత్వంగా వచ్చిందని చెప్పలేం. పాత ఏర్పాటుకు నిజంగా దగ్గరైనది తొలకరికి ముందే పలురకాల విత్తనాలను కలిపి పొడినేలలో వేసే పద్ధతి. ఇది నేలకు ఎక్కువకాలం పచ్చని కప్పు ఇచ్చి, వేళ్ల ద్వారా సూక్ష్మజీవులకు మేత అందిస్తుంది.

7. ముగింపు

జీవామృతం కొత్తదని చెప్పడం దాని విలువను తగ్గించడం కాదు. దానికి లేని ప్రాచీనతను ఆపాదిస్తే, పోయినదేమిటో మరుగునపడుతుంది. పోయినవి బీళ్లు, మందలు, కాపరితో ఒప్పందం, ఏటా మట్టితీసిన చెరువు. ఇవి ఊరి ఉమ్మడి ఏర్పాట్లు. డ్రమ్ములో ద్రావణం కలపడం ఒక్కొక్క రైతు ఒంటరిగా చేయవలసిన పని. ఊరంతటి బాధ్యతను ఒక రైతు పెరటికి చేర్చి, ఫలితం రాకపోతే శ్రద్ధ లోపించిందని అతణ్ని తప్పుపట్టే ప్రమాదం ఇక్కడ ఉంది.

మంద కట్టించిన తరం, చెరువుమట్టి తోలిన తరం నేడు వృద్ధాప్యంలో ఉన్నది. వారి పదజాలాన్ని, ఒప్పందాల వివరాలను మండలాలవారీగా సేకరించడం తెలుగు పరిశోధకులు వెంటనే చేపట్టవలసిన పని. నేల సత్తువ చరిత్రకు ప్రయోగశాల ఎంత అవసరమో ఆ సేకరణ అంతే అవసరం.