ట్రాన్స్‌ఫరెన్స్: ఒక నిర్వచనానికి టీక

మూలం: గతంలో దగ్గరివారితో ముడిపడిన భావం, తనకు తెలియకుండానే, ఇప్పటి చికిత్సకుడి మీద తోచడం ట్రాన్స్‌ఫరెన్స్.

ఈ వాక్యం నేను కూర్చుకున్నది. లక్షణవాక్యానికి మన శాస్త్రకారులు చెప్పిన దోషాల్లో రెండు ఇవి: చేరవలసినది చేరకపోతే అవ్యాప్తి, చేరకూడనిది చేరితే అతివ్యాప్తి. ఆ రెండూ ఇందులో ఉన్నాయేమో మాటమాట దగ్గరా ఆగి చూద్దాం. చికిత్సకుడంటే ఇక్కడ మాటలతో మనసుకు వైద్యం చేసే మనిషి. కౌన్సెలర్, సైకాలజిస్టు, సైకియాట్రిస్టు, ఆడా మగా అందరూ అందులోకే వస్తారు.

ట్రాన్స్‌ఫరెన్స్. ముందు పేరు. మనోవిశ్లేషణను మొదలుపెట్టిన సిగ్మండ్ ఫ్రాయిడ్ వాడిన జర్మన్ మాట ఊబర్‌ట్రాగుంగ్. ఊబర్ అంటే అవతలికి, ట్రాగెన్ అంటే మోయడం. అనగా ఒకచోటి నుంచి మరోచోటికి మోసుకుపోవడం. తెలుగులో బదిలీ అనవచ్చు, కానీ ఒక జాగ్రత్త కావాలి. బదిలీ అయిన ఉద్యోగి పాత ఊళ్లో కుర్చీ ఖాళీ చేసి వస్తాడు. ఈ భావం పాతచోటు ఖాళీ చేయదు. అక్కడా ఉంటుంది, ఇక్కడా ఉంటుంది. అందుకే ఫ్రాయిడ్ దీన్ని పుస్తకాల అచ్చుతో పోల్చాడు: కొన్ని యథాతథంగా పునర్ముద్రణలు, కొన్ని సవరించిన కూర్పులు.

గతంలో. అంటే చిన్నతనంలోనే అనా? ఎక్కువగా అంతే, కానీ అంతవరకే కాదు. 1900లో వియన్నాలో ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఫ్రాయిడ్ దగ్గర చికిత్సకు వచ్చింది. ఆయన ఆమెకు పెట్టిన మారుపేరు డోరా. కుటుంబ స్నేహితుడొకడు, ఫ్రాయిడ్ రాతలో ‘కె.’, ఆమెతో అసభ్యంగా ప్రవర్తించాడు. ఆమె చెబితే తండ్రి నమ్మలేదు. ఇల్లు తగలబడుతున్నట్టు ఆమెకు కల వచ్చేది. లేచాక పొగ వాసన తగిలేది. తండ్రి, కె., ఫ్రాయిడ్ ముగ్గురూ పొగ తాగేవాళ్లే. సుమారు 11 వారాలకు, డిసెంబర్ 31న, ఆమె చికిత్స మానేసింది. కె. మీది కోపం తన మీదికి మళ్లిందని, దాన్ని సకాలంలో పసిగట్టలేకపోయానని 1905లో ప్రచురించిన రచనలో ఫ్రాయిడ్ ఒప్పుకున్నాడు. కె. సంగతి ఆమె చిన్ననాటిది కాదు, ఇటీవలిది. కనుక గతం అంటే ఇంతకు ముందుది అని మాత్రమే అర్థం.

దగ్గరివారితో ముడిపడిన. దగ్గర అంటే ఇష్టమని కాదు. మన బతుకు ఎవరి చేతుల్లో ఉండేదో వాళ్లు దగ్గరివారు. పెంచిన అమ్మమ్మ సరే, బెత్తంతో కొట్టిన మాస్టారూ అందులోని వాడే. లేనివారూ వస్తారు. నాన్న లేకుండా పెరిగినవాడు దొరకని నాన్న కోసం వెతుకుతుంటాడు. అనగా ఇక్కడికి మోసుకొచ్చేది జరిగినదాన్నే కాదు, జరగాలని కోరుకున్నా జరగనిదాన్ని కూడా.

భావం. ‘ప్రేమ’ అని వేస్తే అవ్యాప్తి. లోకంలో ఉన్న పొరపాటూ ఇదే: డాక్టరు మీద మనసు పడటమే ట్రాన్స్‌ఫరెన్స్ అనుకోవడం. 1912లో ఫ్రాయిడ్ దీన్ని రెండుగా విడదీశాడు: అనుకూలం, ప్రతికూలం. అనుకూలంలో మళ్లీ స్నేహంతో కూడిన నమ్మకం ఒకటి, కామంతో కూడిన ఆకర్షణ ఒకటి. మొదటిది చికిత్సను నడిపిస్తుంది. రెండోది వచ్చినవాళ్లకు చికిత్సకు వెళ్లే ముందురోజు నుంచే గుండె దడ. తనకంటే ముందు లోపలికెళ్లిన పేషెంటును చూస్తే అసూయ. చికిత్సకుడు సెలవు మీద వెళితే దిక్కులేనివాళ్లమైనట్టు దిగులు. ప్రతికూలమంటే పగ, అనుమానం. ఆయన గడియారం వైపు చూస్తే ‘నేనంటే విసుగు’ అనీ, ఆవిడ ఫీజు అడిగితే ‘డబ్బు కోసమే వింటోంది’ అనీ అనిపించడం ఈ కోవలోవి. ఇవీ ట్రాన్స్‌ఫరెన్సే.

తనకు తెలియకుండానే. ఈ మాట తీసేస్తే అతివ్యాప్తి. మనవాళ్లు ఆటో నడిపేవాణ్ణి అన్నా అంటారు, నర్సును అక్కా అంటారు. ఇది ట్రాన్స్‌ఫరెన్సా? కాదు. అది తెలిసి వాడే వరస, మర్యాద. నర్సును అక్కా అన్నవాళ్లు ఆవిడ తమ అక్క కాదని ఎరుగుదురు. కానీ ‘ఈవిడ కూడా మా అక్కలాగే నన్ను చులకనగా చూస్తోంది’ అని, అక్క ఊసే మనసులోకి రాకుండా, రగిలిపోతే అది ట్రాన్స్‌ఫరెన్స్. వరసలో అక్క పైకి కనబడుతుంది; ఇందులో అక్క దాక్కుని ఉంటుంది.

ఇప్పటి చికిత్సకుడి మీద. ఆఫీసులో బాస్ మీద, గురువు మీద, స్వామీజీ మీద ఇలా తోచదా? తోస్తుంది. చికిత్స దీన్ని పుట్టించదని ఫ్రాయిడే చెప్పాడు. మరి ప్రత్యేకించి ఈ మాట ఎందుకు? ఇక్కడే అది దట్టంగా కమ్ముతుంది, ఇక్కడే దాన్ని పట్టి చూస్తారు కనుక. చికిత్సకుడు తన సంగతులు చెప్పడు. గంటసేపు అడ్డు తగలకుండా వింటాడు. బదులుగా తన కష్టాలు వినమనడు. ఎదుటి మనిషి గురించి తెలిసింది తక్కువైన కొద్దీ మన ఊహకు చోటు ఎక్కువ. తాడు పాముగా తోచేది మసకవెలుతురులోనే.

తోచడం. మూలవాక్యానికి ప్రాణం ఈ మాట. తాడు మీద పాము తోచడాన్ని వేదాంతులు అధ్యాస అంటారు. అక్కడ పాము లేదు, కానీ గుండె అదిరిన మాట నిజం. ఇక్కడా అంతే: భావం నిజం, అది ఎవరిదన్న దగ్గరే పొరపాటు. అయితే ఈ పోలిక రెండుచోట్ల చెల్లదు.

ఒకటి: దీపం తెస్తే పాము ఆ క్షణమే పోతుంది. ‘నువ్వు నాలో మీ నాన్నను చూస్తున్నావు’ అని చికిత్సకుడు చెప్పగానే భావం పోదు. అదే ముడి మళ్లీ మళ్లీ పడుతుంది. పడినప్పుడల్లా విప్పి చూసుకోవాలి. ఈ ఓపికపని గురించే ఫ్రాయిడ్ 1914లో ఒక వ్యాసం రాశాడు.

రెండు: తాడుకు మనసు లేదు, చికిత్సకుడికి ఉంది. ఎదుటివారి భావం తగిలి ఆయనలోనూ భావాలు లేస్తాయి. వీటికి ఫ్రాయిడ్ పెట్టిన పేరు కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్, అనగా ఎదురు బదిలీ. ఆయన దీన్ని అదుపులో పెట్టుకోవలసిన ఆటంకంగా చూశాడు. 1950లో మనోవిశ్లేషకురాలు పౌలా హైమన్ అదే భావం పేషెంటు మనసును తెలుసుకునే పరికరం కూడా అని వాదించింది. పరికరమన్నది గమనించడానికి, ఆ భావం ప్రకారం నడుచుకోవడానికి కాదు.

ఆక్షేపం: అయితే చికిత్సకుడి మీద పుట్టిన ప్రేమ అబద్ధమేనా?

సమాధానం: అబద్ధమనడానికి లేదు. 1915లో ఈ ప్రశ్ననే ఎత్తుకుని ఫ్రాయిడ్ చెప్పిన దాని సారం ఇది: ఏ ప్రేమలోనైనా పాత అచ్చు ఉంటుంది, ఇందులో దాని పాలు ఎక్కువ, పైగా దీన్ని రేపింది చికిత్స. కనుక చికిత్సకుడు దాన్ని వెక్కిరించకూడదు, అణచమని ఉపదేశించకూడదు, అందుకోనూ కూడదు. అందుకోవడం ఎందుకు తప్పు? ఒకరి రహస్యాలన్నీ మరొకరి చేతిలో ఉన్నచోట ఇద్దరూ సమానులు కారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళి చికిత్స జరుగుతుండగా లైంగిక సంబంధాన్ని పూర్తిగా నిషేధిస్తుంది. ముగిశాక కూడా కనీసం రెండేళ్ల వరకు నిషేధమే, ఆ తర్వాతా అత్యంత అరుదుగా తప్ప ఒప్పుకోదు. ప్రేమ పుట్టడం పేషెంటు తప్పు కాదు. గీత దాటితే తప్పు చికిత్సకుడిదే.

ఆక్షేపం: చికిత్సకుడి మీద వచ్చిన కోపమంతా ట్రాన్స్‌ఫరెన్సేనా?

సమాధానం: కాదు. ప్రతి వారం అరగంట ఆలస్యంగా వచ్చే చికిత్సకుడి మీద వచ్చిన కోపం ఆయన సంపాదించుకున్నదే. డోరా విషయంలోనూ, కె. మీద నీకు లోలోపల ప్రేమ ఉందని ఫ్రాయిడ్ పట్టుబట్టాడు. ఆమె కోపంలో కొంత వాటా నేరుగా ఆయనకే చెందాలి. జరిగినదానికీ రేగినదానికీ పొంతన లేనప్పుడే పాతచోటు వెతకాలి. న్యాయమైన ఫిర్యాదుకు జవాబుగా ఈ పేరు వాడే చికిత్సకుడు శాస్త్రాన్ని డాలుగా పట్టుకున్నట్టే.

ప్రయోజనం. ఇదంతా తెలిసి ఏం చేయాలి? మీకు ఇలాంటి భావం కలిగితే సిగ్గుతో చికిత్స మానేయకండి, మౌనంగా మోయకండి. దాన్ని ఆ గదిలోనే, ఆ మనిషితోనే చెప్పండి. మంచి చికిత్సకులు దీన్ని వినడానికే శిక్షణ పొంది ఉంటారు. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే ‘చెప్పడానికి సిగ్గుగా ఉన్న మాట ఒకటుంది’ అనండి చాలు. విన్నాక వాళ్లు మిమ్మల్ని నిందించినా, ఆశపెట్టినా, ఆ చికిత్సకుణ్ణి మార్చండి. చికిత్సను మాత్రం వదలకండి.