బంతి నాటే అదను (భువనగిరి ప్రాంతం)

బంతి నాటే అదను అనగా నారుమడిలో పెరిగిన బంతి మొక్కలను ఆరుబయట పొలంలో గాని, పెరటిలో గాని నాటుటకు తగిన సమయం. చలిదేశాలలో ఈ అదను వసంత ఋతువులో, మంచు పడటం ఆగి నేల వెచ్చబడిన తరువాత వస్తుంది. భువనగిరి ప్రాంతంలో (2016 వరకు నల్గొండ జిల్లా, ఆ తరువాత యాదాద్రి భువనగిరి జిల్లా) మంచు భయం లేదు. ఇక్కడి భయమంతా ఎండ, నీటి కొరత. చైత్ర వైశాఖాలలో బావులు అడుగంటుతాయి. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. కావున పరదేశపు తోటపని పుస్తకాలలో కనిపించే వసంతకాలపు సూచన ఇక్కడ వర్తించదు. ఈ ప్రాంతంలో అదనును నిర్ణయించేవి వాన కార్తెలు, బతుకమ్మ పండుగ.

కార్తెలు

సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలాన్ని కార్తె అంటారు. ఇది సౌరమానం కనుక ప్రతి సంవత్సరం దాదాపు అదే తేదీకి వస్తుంది. మే 25 ప్రాంతంలో మొదలయ్యే రోహిణిలో దుక్కులు దున్నుతారు. జూన్ 8 ప్రాంతంలో వచ్చే మృగశిరను పల్లెలలో "మిరుగు" అంటారు. నైరుతి ఋతుపవనాలు సాధారణంగా ఈ రోజులలోనే ప్రవేశిస్తాయి. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర, జూలై 6కు పునర్వసు, 20కి పుష్యమి, ఆగస్టు 3కు ఆశ్లేష వస్తాయి.

మొదటి వానను నమ్మి నారు నాటరాదు. పైమట్టి తడిసినా లోపలి వేడి తగ్గదు. తరువాత వారం రోజులు ఎండ కాస్తే లేత మొక్క వాడిపోతుంది. జానెడు లోతు తవ్వి చూసినప్పుడు మట్టి పిడికిట్లో ముద్దగా నిలిస్తే నాటవచ్చును. ఎర్ర చల్కనేలలు త్వరగా ఆరిపోతాయి. నల్లరేగడిలో నీరు నిలిచి వేరు కుళ్ళుతుంది కనుక బోదెలు తోలి నాటాలి.

పండుగ నుండి వెనుకకు లెక్క

విత్తనం చల్లిన 25 నుండి 30 రోజులకు నారు అందుతుంది. నాటిన తరువాత దాదాపు రెండు నెలలకు పూత నిండుగా వస్తుంది. అంటే విత్తనం నుండి నిండు పూతకు సుమారు 90 రోజులు. రకాన్ని బట్టి కొద్దిగా మార్పు ఉంటుంది. తలలు తుంచితే కొమ్మలు ఎక్కువగా వస్తాయి గాని పూత కొంత ఆలస్యమవుతుంది.

అయితే బతుకమ్మ చాంద్రమానాన్ని అనుసరిస్తుంది. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై ఆశ్వయుజ శుద్ధ అష్టమినాడు సద్దులతో ముగుస్తుంది. ఎంగిలిపూల బతుకమ్మ 2023లో అక్టోబరు 14న, 2024లో అక్టోబరు 2న, 2025లో సెప్టెంబరు 21న వచ్చింది. 2023లో అధిక శ్రావణం రావడమే ఆ ఆలస్యానికి కారణం. పై లెక్క ప్రకారం 2023లో విత్తనం జూలై మధ్యలో, పునర్వసులో చల్లవలసింది. 2025లో జూన్ 23 ప్రాంతంలో, ఆరుద్ర మొదట్లోనే. నాటు 2023లో ఆశ్లేషకు, 2025లో పుష్యమికి పడుతుంది. నిరుటి తేదీనే ఈ ఏడూ పాటించే రైతు దెబ్బతినేది ఇక్కడే. 2023 తేదీలను 2025లో పాటించిన తోట సద్దుల బతుకమ్మ దాటిన తరువాత గాని నిండుగా పూయదు. అప్పుడు అక్టోబరు 20న వచ్చిన దీపావళి ఒక్కటే ఆధారం. ముందుగా నాటినవారి నష్టం తక్కువ, ఎందుకంటే బంతి దాదాపు రెండు నెలలు పూస్తుంది. కాకపోతే చివరి కోతలలో పువ్వు చిన్నదవుతుంది. విత్తనం కొనేముందు పంచాంగంలో అధికమాసం చూడటం అందుకే అవసరం.

ఇతర పూలు

చామంతి సంగతి వేరు. పగటి పొద్దు తగ్గితేనే మొగ్గ తొడుగుతుంది కనుక జూన్, జూలైలలో ఎప్పుడు నాటినా సాధారణంగా చలికాలంలోనే పూస్తుంది. బతుకమ్మలో ముఖ్యమైన తంగేడు, గునుగు ఎవరూ నాటనివి. తంగేడు బీళ్ళలో పొదలుగా పెరుగుతుంది. గునుగు చేలలో కలుపుగా మొలుస్తుంది. మెక్సికో ప్రాంతం నుండి వచ్చిన బంతికి ఉన్న లెక్కలేవీ వీటికి లేవు.

పెరటిలో నాటడం

నాలుగైదు ఆకులున్న నారును మబ్బు పట్టిన రోజున గాని, సాయంత్రం గాని నాటాలి. మొక్కకు మొక్కకు మూరెడు దూరం ఉంచి, నాటిన వెంటనే నీరు పోయాలి. మూడు రోజులు ఎండ పడకుండా కొమ్మలతో గాని, తాటాకుతో గాని నీడ కల్పిస్తే సరిపోతుంది.