డ్రిల్లు మాస్టారి మందుపెట్టె

ఏ హైస్కూలు ఉత్సవ సంచిక తిరగేసినా ఫుట్‌బాల్ జట్టు ఫొటో ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. మధ్యలో హెడ్మాస్టరు, ఒళ్ళో కప్పు పెట్టుకుని కెప్టెను, ఆ పక్క కుర్చీలో మెడలో ఈలతో డ్రిల్లు మాస్టారు. కింద పేర్లన్నీ వరసగా అచ్చువేస్తారు. ఫైనల్లో గోలు కొట్టిందెవరో, ఆ ఏడాది ఏ జోన్ గెలిచామో కూడా రాస్తారు. అదే ఏడాది ఎవడి చీలమండ బెణికింది, ఎవడి మోకాలు తిరగబడింది, వాణ్ణి గ్రౌండులోంచి మోసుకొచ్చిందెవరు, కట్టు కట్టిందెవరు, మళ్ళీ ఎప్పుడు ఆడొచ్చో చెప్పిందెవరు అన్న సంగతి మాత్రం ఏ సంచికలోనూ ఉండదు. బళ్ళో ఫుట్‌బాల్ చరిత్రంటే నా దృష్టిలో సగం అదే. అందుకే ఈ సంచికకు రాయమన్నప్పుడు గెలుపుల జోలికి పోకుండా గాయాల వైపు నుంచి రాస్తానన్నాను.

ఉత్తర చెన్నైలోని మనలిలో కూర్చుని రాస్తున్నాను గనక సైదాపేట నుంచి మొదలుపెట్టడం సులువు. తెలుగు జిల్లాల డ్రిల్లు మాస్టార్లకూ సైదాపేటకూ సంబంధం చాలా పాతది. కోడి రామ్మూర్తి నాయుడు పేరు చెబితే గుండెల మీద ఏనుగును నిలబెట్టిన వీరుడే అందరికీ గుర్తుకొస్తాడు. ఆయన సర్కస్ కంపెనీ పెట్టకముందు బడిపంతులు. మద్రాసు వచ్చి సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, వెనక్కి వెళ్ళి విజయనగరంలో తాను చదువుకున్న హైస్కూల్లోనే వ్యాయామ శిక్షకుడిగా చేరాడు. ఆ రోజుల్లో బళ్ళో డ్రిల్లంటే పటాలం పద్ధతి. వరసలో నిలబెట్టడం, కవాతు చేయించడం, దండం తిప్పించడం. పిల్లవాడి ఒళ్ళు ఎలా పెరుగుతుంది, ఏ వయసులో ఎంత బరువు మోయగలదు అన్న ఆలోచన ఇంకా రాలేదు. అంతటి బలశాలి రామ్మూర్తి నాయుడికే చివరి దశలో కాలి పుండు ముదిరి కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో ఆయన పోయారు.

డ్రిల్లును వ్యాయామ విద్యగా మార్చిన మనిషి హ్యారీ క్రో బక్. అమెరికాలో వై.ఎం.సి.ఎ. వాళ్ళ స్ప్రింగ్‌ఫీల్డ్ కళాశాలలో చదివాడు. 1891లో నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టింది ఆ కళాశాలలోనే. బక్ మద్రాసు వచ్చి 1920లో వ్యాయామ విద్యకు ఒక బడి పెట్టాడు. ఇవాళ నందనంలో ఉన్న వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల అదే. బడులకు వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసే కాలేజీల్లో దేశంలోకెల్లా మొదటిదని దానికి పేరు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు మన అథ్లెట్లు వెళ్ళినప్పుడు బక్ వాళ్ళ వెంట వెళ్ళాడు. 1943లో పోయేదాకా ఆ కాలేజీయే ఆయన లోకం. అక్కడ ఆటల నియమాలతో పాటు ఎముకలు, కండరాలు, గుండె పనిచేసే తీరు, ప్రథమ చికిత్స కూడా పాఠాలే. ఈల ఊదడమూ దెబ్బకు కట్టు కట్టడమూ ఒకే మనిషి పనులని మనవాళ్ళు అనుకోవడానికి మూలం ఈ చదువే అని నా నమ్మకం. అది మనకు మేలే చేసింది. దానివల్ల తర్వాత వచ్చిన చిక్కూ ఒకటుంది, అది ముందుముందు చెబుతాను.

నెల్లూరు జిల్లాలో నేను చదివిన బళ్ళో డ్రిల్లు మాస్టారి మందుపెట్టె ఒక పాత బిస్కెట్ల డబ్బా. అందులో టింక్చర్ అయోడిన్ సీసా, దూది ఉండ, గాజుగుడ్డ చుట్ట, ఒక కత్తెర, అయోడెక్స్, ఉతికి ఉతికి సాగిపోయిన క్రేప్ బ్యాండేజీ. ఎవడికైనా కాలు బెణికితే ఆయన ముందు బూటు విప్పనిచ్చేవాడు కాదు. గ్రౌండు అంచుకు తెచ్చి, కాలు తన తొడ మీద పెట్టుకుని, బొటనవేలితో చీలమండ ఎముక చుట్టూ మెల్లగా నొక్కేవాడు. ఎముక మీదే నొప్పి అంటే మొహం మారిపోయేది, సైకిలు తెప్పించేవాడు. ఎముకకు ముందు వైపు మెత్తటి చోట నొప్పి అంటే "బెణుకేలేరా" అని అప్పుడు బూటు విప్పి, మడమ కింద నుంచి పాదం మీదికి ఎనిమిది అంకె ఆకారంలో కట్టు చుట్టేవాడు. చీలమండ గుబ్బ వెనక అంచున నొక్కితే నొప్పి ఉందా, నాలుగడుగులు వేయగలడా అని చూసి ఎక్స్‌రే కావాలో వద్దో తేల్చే పద్ధతి ఒకటి 1990ల మొదట్లో కెనడాలో ఒట్టావా డాక్టర్లు శాస్త్రీయంగా రుజువు చేశారు. మా మాస్టారు అనుభవంతో చేసింది ఇంచుమించు అదే.

ఆయనకు తెలియనివీ ఉన్నాయి. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడి మొహాన నీళ్ళు కొట్టి, కళ్ళు తెరవగానే మళ్ళీ ఆటలోకి పంపేవాడు. అప్పుడు అందరూ అంతే.

బడిపంతులే శిక్షకుడైన కథ తెలుగునేల మీద హైదరాబాదులో శిఖరానికి చేరింది. 1909లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన మాస్టారు. పట్టుబట్టి వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల వైపు వచ్చాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతిలో 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకు ఆయన శిక్షకుడిగా ఉండగానే 1951, 1962 ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చాయి. ఎడమకాలు బలహీనంగా ఉన్నవాళ్ళ కోసం ఎడమకాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవాడంటారు. 1952 హెల్సింకీలో మనవాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాకే బూట్లు తప్పనిసరి అయ్యాయి. అంతవరకూ గోరు ఊడిన బొటనవేళ్ళు మన ఫుట్‌బాల్‌కు అలంకారంగా చెలామణీ అయ్యాయి.

1962 జకార్తా సంగతి కాస్త నిలబడి చూడాలి. థాయిలాండ్‌తో ఆటలో జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. డిఫెన్సులో ఆడే మనిషి, ఆ తలతో వెనక నిలబడి బంతిని కొట్టలేడు. రహీం ఆయన్ను సెమీఫైనల్లో, ఫైనల్లో ముందువరసకు పంపాడు. రెండింటిలోనూ జర్నైల్ గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాను 2-1తో గెలిచాం. అప్పటికే రహీంకు కేన్సరు. ఏడాది తిరగకుండా 1963 జూన్ 11న ఆయన పోయారు. 

ఈ కథ చెప్పినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది. అయినా బడి గ్రౌండులో పిల్లలకు దీన్ని ఆదర్శంగా చెప్పకూడదని గట్టిగా అంటాను. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిందన్న అనుమానం ఉన్నవాడు ఆ రోజుకు ఇక ఆడకూడదన్నది ఇవాళ ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం. జకార్తాలో ఆడినవాళ్ళు దేశానికి ఆడే పెద్దవాళ్ళు. జోనల్ మ్యాచిలో పధ్నాలుగేళ్ళ వాడికి ఆ అవసరం ఎప్పుడూ రాదు. ఇందాక చెబుతానన్న చిక్కు ఇదే. గెలిపించాల్సినవాడూ ఆపాల్సినవాడూ ఒకే మనిషైతే, ఫైనల్లో పది నిమిషాలు మిగిలుండగా అతని లోపల ఎవరి మాట చెల్లుతుంది?

అమెరికాలో ఈ రెండు పనులనూ విడదీశారు. చేతులతో పట్టుకుని గుద్దుకునే వాళ్ళ ఫుట్‌బాల్ మరీ మొరటు ఆట, 1905లో ఒక్క సీజన్లోనే పదిహేను మందికి పైగా కుర్రాళ్ళు చచ్చిపోయారు. హార్వర్డ్ జట్టు 1881లోనే జేమ్స్ రాబిన్‌సన్ అనే మనిషిని ఆటగాళ్ళ ఒళ్ళు చూసుకోడానికి పెట్టుకుంది. 1917లో బిలిక్ అనే ఆయన ఈ పనికి మొదటి పుస్తకం రాశాడు. 1950లో కాన్సస్ సిటీలో అథ్లెటిక్ ట్రైనర్లు ఒక సంఘంగా ఏర్పడ్డారు. 1990లో అక్కడి వైద్యుల సంఘం వీళ్ళ పనిని వైద్య అనుబంధ వృత్తిగా గుర్తించింది. ఇవాళ అక్కడి హైస్కూళ్ళలో మూడింట రెండు వంతుల వాటికి ఏదో ఒక మేరకు ట్రైనరు అందుబాటులో ఉంటాడు. మన దగ్గర 1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ, 2004 చట్టంతో తమిళనాడులో వ్యాయామ విద్యకు ప్రత్యేక విశ్వవిద్యాలయం వచ్చాయి. పెద్ద క్లబ్బులకు ఫిజియోలు ఉన్నారు. బడి గ్రౌండుకు మాత్రం ఆ మనిషి ఇంకా దిగిరాలేదు.

దిగిరాని చోట మనకు దిక్కైంది పుత్తూరు కట్టు. చెన్నై వీధుల్లో, ముఖ్యంగా ఉత్తర చెన్నైలో, పుత్తూరు ఎముకల వైద్యం బోర్డు లేని పేట అరుదు. ఆ పేరు పుత్తూరు దగ్గరి రాజుల కుటుంబం చేతి చలవ. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, పైన వెదురు బద్దలు పెట్టి గుడ్డతో బిగించి కడతారు. తరతరాలుగా బస్సుల్లో, రైళ్ళలో విరిగిన చేతులూ కాళ్ళూ పట్టుకుని మద్రాసు నుంచి అక్కడికి వెళ్ళిన జనానికి లెక్కలేదు. నేనూ ఆ కట్టు కట్టించుకున్నవాణ్ణే, ముంజేతి ఎముక చక్కగా అతుక్కుంది. ఆ వైద్యం మీద నాకు గౌరవం ఉంది. అయితే ఫుట్‌బాల్ మోకాలి సంగతి వేరు. పరుగులో ఉన్నవాడు కాలు నేలలో నాటి ఒక్కసారిగా పక్కకు తిరిగితే మోకాలి లోపల అడ్డంగా ఉండే లిగమెంటు పుటుక్కున తెగుతుంది. ఆ చప్పుడు వాడికే వినిపిస్తుంది. గంటలో మోకాలు కొబ్బరికాయంత అవుతుంది. రెండు మూడు వారాలకు వాపు తగ్గి నడక వస్తుంది, తగ్గిపోయిందనుకుంటాడు. మళ్ళీ ఆటలో దిగి తిరిగాడంటే మోకాలు జారుతుంది, లోపల మిగిలిన మెత్తటి చిప్పలు నలిగిపోతాయి. ఎముక విరగలేదు గనక బద్దల కట్టుకు ఇక్కడ పనిలేదు. ఆ మొదటి రోజున ఇది బెణుకా, తెగిందా అని అనుమానించగల మనిషి గ్రౌండులో ఉండడమే కావాలి. ఆడపిల్లల్లో ఈ గాయం మగపిల్లల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువని తేలింది. మన బడుల్లో ఆడపిల్లల జట్లు పెరుగుతున్న ఈ రోజుల్లో ఇది పక్కన పెట్టాల్సిన మాట కాదు.

ఉత్తర చెన్నై పిల్లల ఫుట్‌బాల్ పిచ్చి గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. వ్యాసర్‌పాడిని చిన్న బ్రెజిల్ అంటారు. ఇక్కడి కుర్రాళ్ళకు బంతితో పాటు కళ్ళముందు ఉండేది ఉద్యోగం. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ, రైల్వే, పోర్టు, బ్యాంకులు ఆటగాళ్ళను తీసుకున్న ఊరిది. సెలక్షన్ రోజున మోకాలు నొప్పి అని ఏ కుర్రాడు చెబుతాడు? ఇంటి దగ్గర నాన్న ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ అయితే అసలే చెప్పడు. వాడి తరఫున చెప్పే గొంతు బయటినుంచి రావాలి.

మనలికి ఇంకో చిక్కు గాలిది. 1969లో రిఫైనరీ నడవడం మొదలైంది, వెనకే ఎరువుల కర్మాగారం వచ్చింది. మన ఇళ్ళల్లో చాలావాటికి అన్నం పెట్టింది అవే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో మనలి పేరు కూడా చేర్చింది. సాయంత్రం గ్రౌండులో పరిగెత్తే పిల్లల్లో పిల్లికూతలతో ఆగిపోయేవాణ్ణి బద్ధకస్తుడని తిట్టే పెద్దలను చూశాను. వాడి జేబులో ఇన్‌హేలరు ఉందా, ఎప్పుడు వాడాలో వాడికి తెలుసా అని అడిగేవాడు కావాలి. ఏప్రిల్, మే ఎండల్లో నీళ్ళు ఎప్పుడు ఇవ్వాలి, ఒళ్ళు కాలిపోతూ తడబడే పిల్లవాణ్ణి ఎంత తొందరగా చన్నీళ్ళతో తడపాలి అన్నదీ ఆ మనిషికే తెలియాలి.

చేయగలిగిన పనులు మన చేతికి అందేవే. 2006లో ఫీఫా ఇరవై నిమిషాల వార్మప్ ఒకటి తయారుచేయించింది. పరుగు, తొడల బలం, ఒంటికాలి మీద నిలకడ, దూకి మోకాళ్ళు లోపలికి వంగకుండా దిగడం, అంతే. ఖర్చు లేదు. నార్వేలో టీనేజీ ఆడపిల్లల జట్లతో ఒక సీజనంతా చేయించి చూస్తే గాయాలు మూడింట ఒక వంతు దాకా తగ్గాయి. మన డ్రిల్లు మాస్టార్లు, అంటే ఇప్పటి పీఈటీలు, దీన్ని ఒక్క ఆదివారంలో నేర్చుకోగలరు. నగరంలో ఇన్ని ఫిజియోథెరపీ కాలేజీలు ఉన్నాయి. చివరి ఏడాది విద్యార్థి ఒకరు వారానికి రెండు సాయంత్రాలు ఒక బడికి వచ్చినా చాలు. జోనల్ మ్యాచిలకు మాత్రం మ్యాచి జరిగినంతసేపూ కదలకుండా ఉండాలి. జీతం, బస్సు ఖర్చు పూర్వ విద్యార్థులం భరించగలం. మనలో ఫ్యాక్టరీల్లో రిటైరైనవాళ్ళం ఎంతమందిమి!

మందుపెట్టెలో ఐసు సంచీ, కొత్త క్రేప్ బ్యాండేజీలు, బద్ద, కత్తెర, గ్లవుసులు, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు ఉంచాలి. వాపు మీద అయోడెక్స్ పెట్టి గట్టిగా రుద్దడం మొదటి రెండు రోజులు మానాలి. ఐసు మాటకొస్తే, 1978లో దాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ డాక్టరు మిర్కినే తర్వాత మరీ ఎక్కువ పెట్టొద్దని దిద్దుకున్నాడు గనక నొప్పి తగ్గేంతవరకు చాలు. పెట్టెలో ఒక నోటు పుస్తకం కూడా ఉండాలి. తేదీ, పిల్లవాడి పేరు, ఏ కాలు, ఎలా తగిలింది, ఏం చేశాం, ఎప్పుడు మళ్ళీ దింపొచ్చు. ఆ చివరి గడిలో సంతకం పీఈటీది కాకుండా ఫిజియోది కావాలి. ఆ సంతకం పడేదాకా కెప్టెనైనా సరే, ఫైనలైనా సరే, బెంచీ మీదే.