విద్యార్థి మార్గదర్శక విభాగం

విద్యార్థి మార్గదర్శక విభాగం అంటే ఉన్నత విద్యాసంస్థల్లో కొత్తగా చేరినవారికి సీనియర్లు స్వచ్ఛందంగా తోడు నిలిచి, ర్యాగింగ్‌నూ ఘర్షణలనూ మొదట్లోనే నివారించే ఏర్పాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో తెచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రధానంగా శిక్షలపైనే దృష్టి పెట్టింది. సుప్రీంకోర్టు ఆదేశాల దరిమిలా 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) జారీచేసిన నిబంధనలు ఈ విభాగాన్ని తప్పనిసరి చేశాయి. ఆరుగురు కొత్త విద్యార్థులకు ఒక మార్గదర్శి, ఆరుగురు మార్గదర్శులకు పై అంచెలో మరొకరు ఉంటారు. ఎన్ని బ్యాచ్‌లుంటే అన్ని అంచెలు. విచారణ మాత్రం వీరిది కాదు, ర్యాగింగ్ నిరోధక దళానిది. ఇదే నిబంధనల ప్రకారం ఏర్పడే ర్యాగింగ్ నిరోధక కమిటీలో కొత్త, పాత విద్యార్థులతోపాటు తల్లిదండ్రులకూ పోలీసులకూ స్థానముంది. ఉదాహరణకు, నంద్యాల జిల్లాలోని నంద్యాల, ఆళ్లగడ్డ డిగ్రీ కళాశాలలకూ ఇవే నిబంధనలు వర్తిస్తాయి. పాఠశాలలు వీటి పరిధిలోకి రావు.